మాల తీసిన మర్నాడు

కార్తిగై నెల పుట్టిందంటే పెరియకుళం వీధుల్లో నల్లపంచెలు మొదలవుతాయి. ముందురోజు దాకా పొద్దుగూకితే క్వార్టర్ సీసా పడనిదే ఇంటిముఖం పట్టని మనిషి, మెడలో తులసిమాల పడగానే 41 రోజులు మందు ఛాయలకు పోడు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నేలమీద పడక, రెండుపూటలా పూజ. నిన్న తాగుబోతు అన్న నోళ్లే ఇవాళ సామీ అంటాయి. పెళ్లాం పిల్లలు కూడా అలాగే పిలుస్తారు. తేని, కంబం, కుమిళి దారిన శబరిమల వెళ్లొచ్చి మాల తీస్తాడు. కొందరు ఆ తర్వాత ఇక ముట్టరు. చాలామంది నెల తిరక్కుండానే పాత కౌంటర్ ముందు కనబడతారు. తమిళ దేశం పొడుగునా, మన తెలుగు ఊళ్లలోనూ ఏటా జరిగే తంతే ఇది. దీన్ని భక్తి ఖాతాలోనో, బలహీనత ఖాతాలోనో వేసి ఊరుకుంటున్నాం తప్ప, అందులో దాగిన పాఠాన్ని చదవడం లేదు.

తాగుడుకు బానిసైనవాడు మానలేడన్న మాటను ఆ 41 రోజులు ఏటేటా అబద్ధం చేస్తున్నాయి. మానగలడు. ఎలా మానగలిగాడన్నదే చూడాలి. వ్రతంలో దేవుడితో పాటు ఒక ఏర్పాటు ఉంది. రోజుకు ఒక వేళాపట్టిక ఉంది. గురుసామి ఉన్నాడు. తనలాగే మానుకున్న మరో పదిమంది సాములు సాయంత్రమయ్యేసరికి భజనకు చేరతారు. అంటే మందు గుర్తొచ్చే వేళకు మనిషి ఒంటరిగా ఉండడు. ఊరంతా గౌరవంగా చూస్తుంది, గౌరవంగా కనిపెడుతూ కూడా ఉంటుంది. మాల తీసిననాడు ఈ ఏర్పాటంతా ఒక్కసారే కూలిపోతుంది. భక్తి ఎక్కడికీ పోదు. పోయేది సాయంత్రం కూర్చునే చోటు.

ఏ దేవుడితోనూ ముడిపెట్టని లౌకిక బృందంగా ఆ చోటును ఏడాది పొడుగునా నిలబెట్టడం ఎలా అన్నదే ఈ వ్యాసం.

పెరియకుళం దీనికి తగిన ఊరు. కొడైకనాల్ కొండల పాదాల దగ్గర, వరాహనది ఒడ్డున, మామిడితోటల మధ్య ఉన్న ఈ పట్టణంలోనూ, చుట్టుపట్ల పల్లెల్లోనూ మదురై నాయకుల కాలం నుంచి తెలుగు వినిపిస్తూనే ఉంది. 1529లో విశ్వనాథ నాయకుడు మదురై పాలన చేపట్టాక ఏర్పడ్డ పాళెయాల గుర్తులు బోడినాయక్కనూరు వంటి ఊరి పేర్లలోనే ఉన్నాయి. కమ్మవారు, రాజకంబళం నాయకర్లు, తెలుగు చెట్టియార్లు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. అరుంధతియార్లూ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. అయితే భాష ఒకటైనంత మాత్రాన గడప ఒకటి కాలేదు. ఒకరి కులసంఘం మంటపంలో మరొకరు కూర్చోరు. ఒకరి కులదైవం కోవెలలో మరొకరికి పనిలేదు. పక్క వీధిలో మసీదుంది, ఆ పక్క చర్చి ఉంది. ఊరుమొత్తం మీద మగవాళ్లంతా ఏ పేరూ, ఏ ఇంటిపేరూ అడగకుండా ఒకే వరుసలో నిలబడే చోటు టాస్మాక్ కౌంటర్ ఒక్కటే. తాగేచోటుకు కులమతాలు అడ్డురాలేదు. మానేచోటుకు మాత్రం ఎవరి దారి వారిదే అయింది. లౌకికమైన బృందం ఎందుకూ అనడిగితే నా మటుకు మొదటి జవాబు ఇదే. నాస్తికుల కోరిక తీర్చడం దాని తర్వాతి సంగతి.

ఆ కౌంటర్ బలమెంతో చూడండి. 1983లో ఎంజీఆర్ ప్రభుత్వం మద్యం టోకు అమ్మకాల కోసం పెట్టిన సంస్థ టాస్మాక్. 2003లో జయలలిత ప్రభుత్వం చిల్లర దుకాణాలను కూడా దాని చేతికిచ్చింది. 2023 జూన్‌లో 500 దుకాణాలు మూసేశాక కూడా రాష్ట్రంలో 4,800కు పైగా మిగిలాయి. 2024-25లో వాటి రాబడి 48 వేల కోట్ల రూపాయలు దాటింది. మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 10 దాకా తలుపులు తెరిచే ఉంటాయి. ఇటు చికిత్స సంగతి చూస్తే, కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వెలువడింది. దేశంలో మద్యం తాగేవాళ్లు 16 కోట్లు. అందులో 2.9 కోట్లమంది దానికి బానిసలు. ఆ బానిసల్లో ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందింది 180 మందిలో ఒక్కరు. మద్యంతో ఇబ్బందులు ఎక్కువున్న రాష్ట్రాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ పేరు కూడా ఉంది కనుక ఇదేదో అరవదేశం గొడవ అని పక్కన పెట్టలేం.

మనం మద్యం గురించి మాట్లాడిందంతా దుకాణం గురించే. రాజాజీ 1937లో సేలం జిల్లాలో నిషేధం పెట్టాడు, కరుణానిధి 1971లో ఎత్తేశాడు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపం చదువుల్లో కూర్చున్న ఆడవాళ్లు సారా పాకల మీదికి నడిచారు. వాళ్లను నడిపిన రోశమ్మ పేరు దేశమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా ఆగింది, 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం తెచ్చాడు, 1997లో చంద్రబాబు సడలించాడు. 2019లో జగన్ ప్రభుత్వం దుకాణాలు తానే నడిపింది, 2024లో అవి మళ్లీ ప్రైవేటువాళ్ల చేతికి వెళ్లాయి. దుకాణం తెరిచామా, మూశామా, ఎవరిచేత నడిపించామా అన్నదే ఇన్ని దశాబ్దాల చర్చ. దూబగుంట ఆడవాళ్లు చేసింది గొప్ప పని, అందులో సందేహం లేదు. కాకపోతే వాళ్లు కూర్చోడానికి ఒక చదువుల గది ఉంది. వాళ్ల మొగుళ్లకు అలాంటి గది అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఆ గదిని మొదట కట్టుకున్నది తాగుబోతులే. 1840లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఆరుగురు తాగుబోతులు సారాయంగడిలోనే కూర్చుని ఇక తాగమని ఒట్టు పెట్టుకున్నారు. పాదిరి లేడు, వైద్యుడు లేడు. ఎవరి అనుభవం వాళ్లు చెప్పుకోవడమే పద్ధతి. వాషింగ్టోనియన్లు అన్న పేరుతో అది దావానలంలా వ్యాపించి, కొద్ది ఏళ్లకే నిషేధ రాజకీయాల్లో తలదూర్చి చెల్లాచెదురైంది. దాదాపు వందేళ్లకు, 1935లో ఒహాయో రాష్ట్రంలోని యాక్రన్‌లో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ అనే ఇద్దరు కలిసి ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలుపెట్టారు. బయటి వివాదాల్లో వేలుపెట్టకూడదని వాళ్లు గట్టి నియమం పెట్టుకున్నారు. మద్యమే ఎన్నికల సరుకైన మన రాష్ట్రాల్లో ఎవరు బృందం పెట్టినా ఈ ఒక్క నియమం మర్చిపోకూడదు. పార్టీ జెండా గదిలోకి వచ్చిందంటే సగం కుర్చీలు ఖాళీ అయినట్టే.

ఆల్కహాలిక్స్ అనానిమస్ మనదేశంలో 1957లో బొంబాయిలో అడుగుపెట్టింది. ఫీజు లేదు, రిజిస్టరు లేదు. తమిళంలోనూ మీటింగులు నడుస్తాయి. లక్షలమందిని నిలబెట్టిన సంస్థ అది, దాని మేలు తక్కువ చేసి చెప్పడం అన్యాయం. అయితే దాని 12 మెట్లలో సగం దేవుణ్నో, మనకంటే పెద్దదైన శక్తినో తలుచుకుంటాయి. తొలినాళ్లలోనే జిమ్ బర్వెల్ అనే దేవుణ్ని నమ్మని సభ్యుడు పోట్లాడితేనే, ఎవరికి అర్థమైన దేవుడు వారికి అన్న సడలింపు చేరిందని ఆ సంస్థ చరిత్రే చెబుతుంది. ఆ సడలింపు చాలనివాళ్లు 1975లో షికాగోలో నాస్తికుల, అజ్ఞేయవాదుల మీటింగు విడిగా పెట్టుకున్నారు. అదే కాలంలో జీన్ కిర్క్‌పాట్రిక్ ఆడవాళ్ల కోసం విమెన్ ఫర్ సొబ్రైటీ స్థాపించింది. నేను నిస్సహాయురాలిని అని ఒప్పుకోవడంతో మొదలయ్యే దారి, అసలే అణిగి ఉన్న ఆడదానికి పనికిరాదన్నది ఆమె వాదన. 1994లో స్మార్ట్ రికవరీ వచ్చింది. ఆల్బర్ట్ ఎల్లిస్ అనే మనస్తత్వవేత్త ఆలోచనా చికిత్స దానికి పునాది. 1996లో న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ముందుకు ఒక ఖైదీ వచ్చాడు. ఇంటివాళ్లతో కలిసి గడిపే అవకాశం కావాలంటే 12 మెట్ల కార్యక్రమానికి హాజరవ్వాల్సిందేనని జైలు అధికారులు పెట్టిన షరతు చెల్లదని కోర్టు చెప్పింది. సర్కారు పంపించే చోట దేవుణ్ని తప్పనిసరి చేయకూడదన్నది తీర్పు సారం. రేపు మన ప్రభుత్వాసుపత్రి డిశ్చార్జి చీటీమీద ఏదైనా మీటింగు పేరు రాయాల్సి వస్తే ఈ మాట మనకూ వర్తిస్తుంది.

స్మార్ట్ పద్ధతి మీటింగులో ఏం జరుగుతుంది? శిక్షణ పొందిన నిర్వాహకుడు ఒకరుంటారు. ఆయన మాన్పించేవాడు కాదు, మాట నడిపేవాడు. వారం ఎలా గడిచిందో ఒక్కొక్కరు చెబుతారు. ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు మధ్యలో అందుకోరు. ఇక్కడ అందుకోవచ్చు, ప్రశ్నించవచ్చు. శనివారం కూలి చేతికొచ్చాక కాళ్లు వాటంతటవే కౌంటర్ వైపు నడిచాయని ఒకడంటే, ఆ నడక ఎక్కడ మొదలైంది, అప్పుడు మనసులో ఏ మాట మెదిలింది, ఆ మాట నిజమేనా అని విడదీస్తారు. ఒళ్లంతా నొప్పులు, ఒక్క క్వార్టర్ పడితే తప్ప నిద్రపట్టదు అన్న మాటను పదిమంది మధ్య పైకి అంటే, అది ఎంతవరకు నిజమో అన్నవాడికే తెలిసిపోతుంది. తాగితే లాభమేంటి, నష్టమేంటి, మానితే లాభమేంటి, నష్టమేంటి అని నాలుగు గళ్లు గీసి నింపుతారు. తాగడంలో లాభం కూడా ఉందని ఒప్పుకుని రాయించడం నాకు బాగా నచ్చిన సంగతి. చేలో రోజంతా పురుగుమందు కొట్టినవాడికీ, మామిడిబుట్టలు మోసినవాడికీ ఆ లాభం ఏంటో తెలుసు. అది లేదని దబాయిస్తే అతను మన మాటింకేం వింటాడు? రాయడం రానివాళ్లకు ఇదంతా నోటితో జరగాలి. తాగాలన్న తపన వచ్చినప్పుడు అది ఎప్పటికీ అలాగే ఉండిపోతుందనిపిస్తుంది. నిజానికి కాసేపటికి అదే సద్దుమణుగుతుంది. ఆ కాసేపు ఏం చేయాలన్నదే సగం చదువు.

ఈ బృందాలు పనిచేస్తాయా? 2020లో కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష ప్రకారం, ఆల్కహాలిక్స్ అనానిమస్‌కు దారిచూపే చికిత్సలు పొందినవాళ్లలో 42 శాతం ఏడాది తర్వాత పూర్తిగా మానేసి ఉన్నారు. ఇతర చికిత్సల్లో అది 35 శాతం. లౌకిక బృందాలను 12 మెట్లతో పోల్చిన అమెరికా అధ్యయనం 2018లో వచ్చింది. మనిషి పూర్తిగా మానాలన్న లక్ష్యంతో వచ్చాడా లేదా అన్నది లెక్కలోకి తీసుకుంటే రెండింటి ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని అది తేల్చింది. మనిషిని నిలబెట్టడంలో కలిసి కూర్చోవడానికి పెద్ద వాటా ఉందని ఈ రెంటినీ కలిపి చదివితే అర్థమవుతుంది. నిపుణులు లేరన్న సాకు కూడా నిలవదు. గోవాలో సంగాత్ సంస్థ డిగ్రీలు లేని స్థానికులకు శిక్షణనిచ్చి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తాగేవాళ్లతో మాట్లాడించింది. ఫలితం బాగుందని 2017లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది.

అమెరికా నమూనాను ఉన్నదున్నట్టు పెరియకుళంలో దింపితే నడవదు. అజ్ఞాతంగా ఉండడమన్నది పెద్ద నగరాల సుఖం. ఇక్కడ ఎవడు ఏ దుకాణం దగ్గర ఎన్నింటికి పడిపోయాడో టీకొట్టుకు కూడా తెలుసు. ఈ విషయంలో జపాన్ మనకు దగ్గర. అక్కడి దాన్‌షుకై బృందాలు 1963లో దేశవ్యాప్త సంఘంగా ఏర్పడ్డాయి. పేర్లు దాచుకోరు. భార్య పక్కనే కూర్చుని తన మాట తాను చెబుతుంది. పై శక్తి ప్రసక్తి లేదు. యుగోస్లావియాలో వ్లాదిమిర్ హుడోలిన్ అనే మనోవైద్యుడు 1964లో జాగ్రెబ్‌లో మొదలుపెట్టిన క్లబ్బులూ కుటుంబాలతో నడిచేవే. 12 కుటుంబాలు దాటితే క్లబ్బు రెండుగా చీలాలి. తర్వాత అవి ఇటలీలోనూ వేళ్లూనుకున్నాయి. చీలిపోవడమే నియమమైన సంఘాన్ని మనవాళ్లకు చూపించాలి. మన సంఘాలు అధ్యక్ష పదవి కోసం చీలుతాయి.

పేరు చెప్పుకుంటే మనదగ్గర కులం బయటపడుతుందన్న భయం సబబైనదే. దానికి విరుగుడు ఈ నేలమీదే ఉంది. 1929 ఫిబ్రవరిలో చెంగల్పట్టులో జరిగిన ఆత్మగౌరవ మహాసభలో పెరియార్, ఆయన అనుచరులు పేరు చివర కులం తోక వదిలేయాలని తీర్మానించారు. అప్పటినుంచి తమిళనాట చదువుకున్నవాడి పేరంటే తండ్రి పేరులోని మొదటి అక్షరం, తన పేరు, అంతే. ఒక్క అక్షరం, ఒక పేరు. మీటింగుకు అంతకంటే ఏం కావాలి? లోపల తెలుగు వస్తే తెలుగు, అరవం వస్తే అరవం. ఇంట్లో గొడవ ఏ భాషలో జరిగిందో ఆ భాషలోనే అది బయటికొస్తుంది. టీ గ్లాసులు అందరికీ ఒకటే ఉండాలి. దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతిని ఇంకా మర్చిపోని ప్రాంతంలో ఈ మాట రాసి గోడకు అంటించాల్సిందే.

ఊరే తన తాగుబోతుల బాధ్యత తీసుకున్న ఉదాహరణ కావేరి డెల్టాలో ఉంది. తాగుడు వల్ల భర్తను పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో ఒక సంస్థను స్థాపించింది. టీటీకే ఆసుపత్రిగా పేరుపడ్డ ఆ సంస్థ 1989లో మంజక్కుడి అనే పల్లెలో శిబిరం పెట్టింది. 15 రోజులు. చోటు, తిండి ఊరివాళ్లు చూసుకున్నారు. చికిత్స బృందం చెన్నై నుంచి వెళ్లింది. భార్యలనూ కూర్చోబెట్టి మాట్లాడారు. నగరంలో ఆసుపత్రికి రానివాళ్లు సొంత ఊళ్లో పదిహేను రోజులు కూర్చున్నారు. పక్కింటివాడు కూడా అక్కడే కూర్చున్నాడు కదా మరి.

ఒక హెచ్చరిక చెప్పకుండా ముందుకు పోకూడదు. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు హఠాత్తుగా ఆపేస్తే మొదటి రెండుమూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతిభ్రమించి ప్రాణంమీదికి రావచ్చు. ఆ దశ వైద్యుడిది. తేని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లాల్సిన పనిని మీటింగు చేయదు. కేంద్రం నడిపే 14446 ఫోన్ నంబరు దారి చూపిస్తుంది. వాళ్లకు తెలియకుండా సాంబారులో కలిపి మాన్పించండి అని ప్రకటనలిచ్చే మాత్రల జోలికి పోవద్దు. డైసల్ఫిరామ్ కలిపిన సంగతి తెలియక తాగినవాడికి గుండె ఆగిపోయే ప్రమాదముంది. గొలుసులు, కర్రలు పెట్టుకున్న 'పునరావాస' కేంద్రాల సంగతీ అంతే. 2017 మానసిక ఆరోగ్య చట్టం వ్యసనాన్ని కూడా తన పరిధిలోకి తెచ్చింది. రిజిస్ట్రేషన్ లేని కేంద్రం చట్టవిరుద్ధమైనది.

దేవుణ్ని పక్కన పెట్టమంటే మనవాళ్లు వస్తారా అని అడిగేవాళ్లుంటారు. పక్కన పెట్టమని ఎవరూ అనడం లేదు. మెడలో మాల ఉన్నవాడూ, నమాజు ముగించుకున్నవాడూ, కొండకెప్పుడూ పోనివాడూ వచ్చి కూర్చోవచ్చు. గదిలో ఎవరి దేవుడి గురించీ ప్రశ్న ఉండదు, అంతే తేడా. పైగా కొత్త మీటింగు పెట్టడానికి డిసెంబరు ఆఖర్న మండల పూజ నుంచి జనవరి మధ్యలో మకరవిళక్కు దాకా సాగే ఆ మూడువారాలే మంచి ముహూర్తం. అప్పటికి ఊళ్లో ఇన్నిరోజులు మానినవాళ్లు ఎందరో ఉంటారు. వాళ్లను గురుసాములే తీసుకొస్తే ఇంకా మంచిది.

మద్యం ఒక్కటే అనుకోకూడదు. తమిళనాడు 2003లో లాటరీ నిషేధించింది. కొండ దాటి ఇడుక్కి ఏలకుల తోటలకు జీపుల్లో వెళ్లొచ్చే కూలీలకు కేరళ సర్కారు లాటరీ రోజూ ఎదురవుతుంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను కేంద్రం 2025లో చట్టంతో ఆపింది గానీ, ఆ ఆటల్లో మునిగినవాడి అప్పు ఆగలేదు. స్మార్ట్ తరహా బృందాల్లో రమ్మీవాడూ మందువాడూ ఒకే వరుసలో కూర్చుంటారు. అడిగే ప్రశ్నలూ అవే.

వారానికోసారి కూర్చుంటే ఏమవుతుందో తమిళనాడు ఆడవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1989లో ధర్మపురిలో మొదలైన స్వయం సహాయక బృందాలు ఇప్పుడు ఊరూరా ఉన్నాయి. ఆంధ్రలో డ్వాక్రా సంగతీ తెలిసిందే. పుస్తకం, హాజరు, వంతులవారీగా నాయకత్వం అంతా వాళ్లకు కంఠతా వచ్చు. మొదటి ఆరునెలలు మగవాళ్ల మీటింగుకు లెక్కా హాజరూ చూసేపని ఆ అక్కలకే అప్పగించినా తప్పులేదు. చోటు కోసం కూడా వెతుక్కోనక్కర్లేదు. స్వాతంత్ర్యం వచ్చాక దేశంలో మొదటి గ్రంథాలయ చట్టం 1948లో మద్రాసులో వచ్చింది. దాని పుణ్యమా అని ప్రతి చిన్న పట్టణంలోనూ ఒక శాఖా గ్రంథాలయం ఉంది. అది ఏ కులానిదీ కాదు, ఏ గుడిదీ కాదు. కూలి చేతికొచ్చే శనివారం, దుకాణం కిటకిటలాడే ఏడుగంటల వేళకు అందులో ఓ పదిహేను కుర్చీలు వేయాలి. ఏటా 48 వేల కోట్లు వసూలు చేసుకునే ప్రభుత్వం టీ ఖర్చు కూడా భరించనక్కర్లేదు, అది సభ్యులే వేసుకుంటారు. ఆ ఒక్కరోజు గ్రంథాలయం తలుపు రాత్రి తొమ్మిదిదాకా తీసి ఉంచమని జిల్లా కలెక్టరు ఓ ఉత్తర్వు ఇస్తే చాలు.